దాచవలసిన బిడ్డ కాదు

అమ్రాబాద్ వంటి అడవి అంచు మండలములో డౌన్ సిండ్రోమ్ గల బిడ్డ పుట్టిన యెడల, "ఎవరి పాపమో" అను మాట వినలేక తల్లి ఆ బిడ్డను ఇంటిలోనే దాచవచ్చును. అయితే ఇది పాపఫలము కాదు. మన కణములలో 46 క్రోమోజోములుండును. ఈ బిడ్డలలో ఎక్కువమందికి 21వది రెండుకు బదులు మూడుండును. ఈ సంగతి 1959లోనే తేలినది. తల్లి తినినది, చూచినది దీనికి కారణము కాదు.

దాచుటవలన కలుగు నష్టమును గమనించండి. వీరిలో సుమారు సగముమందికి పుట్టుకతోనే గుండె లోపముండును, పైకి కనబడకపోవచ్చును. దాచిన బిడ్డ గుండెను ఎవరు పరీక్షింతురు? గనుక అంగన్‌వాడీకి వచ్చు వైద్య బృందమునకు బిడ్డను చూపించండి. వినికిడి, చూపు, థైరాయిడ్ కూడ పరీక్ష చేయించండి.

బడి కూడ వారి హక్కే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఏ బిడ్డనూ వైకల్యమును బట్టి బడి బయట ఉంచరాదనుచున్నది. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ తల్లిదండ్రులకు కూడ తర్ఫీదునిచ్చుచున్నది.

ఇక పొరుగువారమైన మన వంతు. ఆ బిడ్డను పేరు పెట్టి పిలువండి. ఒకసారికి ఒక్క పనే చెప్పి, చేసి చూపి, కొంచెము ఆగండి. "వీడికి రాదు" అని చేతిలోని పని లాగుకొనకండి. పెండ్లికి పిలిచినప్పుడు, "బిడ్డను కూడ తీసుకొని రండి" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో మూసిన తలుపు తెరుచుకొనవచ్చును.