ఆన్‌లైన్ పాఠాల ప్రమాణాలు – ఎవరి కొలతలు?

పాఠం కంప్యూటర్‌లోకి ఎక్కితే కులం గడప అవతలే ఆగిపోతుందని మనలో చాలామంది నమ్ముతున్నారు. తరగతిలో వెనక బెంచీ ఉంటుంది, తెరమీద బెంచీలే ఉండవు కదా అని. కానీ తెర వెనక కొన్ని నియమాలున్నాయి. పాఠాన్ని ఏ రూపంలో దాచాలి, చదివినోళ్ళ లెక్క ఎట్లా రాయాలి అని ముందే రాసిపెట్టిన నియమాలు. వీటినే సాంకేతిక ప్రమాణాలంటున్నారు. ఇవి ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అని వదిలేస్తే మన పిల్లల చదువు లెక్క మనకు తెలియకుండానే రాసేస్తారు.

వీటిలో బాగా వాడుకలో ఉన్నది స్కార్మ్. 1988లో విమాన పరిశ్రమ వాళ్ళు తమ సిబ్బంది శిక్షణ కోసం ఒక కమిటీ పెట్టుకున్నారు. 1997లో అమెరికా రక్షణ శాఖ ఇంకో ప్రయత్నం మొదలుపెట్టింది. దాని నుంచే 2000లో స్కార్మ్ వచ్చింది. 2001 నాటి 1.2 కూర్పు, ఆ తర్వాతి 2004 కూర్పు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇందులో మంచి లేకపోలేదు. పాఠాన్ని జిప్ మూటగా కట్టి, లోపల ఏముందో చెప్పే జాబితా ఫైలు పెడతారు. ఒకచోట చేసిన పాఠాన్ని ఇంకోచోట విప్పుకోవచ్చు. ఒకే కంపెనీకి కట్టుబడి ఉండక్కర్లేదు.

అయితే ఆ నియమాలు రాసినోళ్ళ కళ్ళముందున్న విద్యార్థి ఎవరు? జీతం తీసుకుంటూ, తన కంప్యూటర్ ముందు కూర్చుని, తెగని లైను మీద శిక్షణ పొందే ఉద్యోగి. ఒక మనిషి, ఒక లాగిన్, ఒక యంత్రం. మాల మాదిగ వాడల్లో ఒక్క ఫోను ఉన్న ఇల్లు ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. అక్కా తమ్ముడూ దాన్నే పంచుకోవాలి, అదీ నాయన కూలి నుంచి వచ్చాక. ఇద్దరూ కలిసి చూసిన పాఠం ఒకరి పేరు మీదే పడుతుంది. రెండోవాళ్ళు చదవనట్టే లెక్క. 1.2 కూర్పులో విద్యార్థి స్థితి చెప్పడానికి ఆరు మాటలే ఉన్నాయి: పాసైంది, పూర్తయింది, తప్పింది, సగంలో ఉంది, తిరగేసింది, మొదలే పెట్టలేదు. ‘సిగ్నల్ పోయింది’ అనే మాట ఆ ఆరింట్లో లేదు. ఫలితం సర్వరుకు చేరేలోగా లైను తెగితే ‘సగంలో ఉంది’ అనే మిగలొచ్చు. టీచరుకు కనిపించేది అదే. ‘వీళ్ళకు శ్రద్ధ లేదు’ అనే పాత మాటకు కంప్యూటర్ సాక్ష్యం దొరికినట్టయింది!

ఇంకో సంగతి. పాఠమంతా చదివి పరీక్ష పోగొట్టుకున్న పిల్ల 1.2లో ఉత్త ‘తప్పింది’. 2004 కూర్పు చదవడాన్నీ నెగ్గడాన్నీ వేర్వేరు గడుల్లో రాస్తుంది. సంస్థ స్కార్మే కావాలంటే దీన్ని అడగటం మేలు. కాకపోతే కాలేజీలు ఎక్కువగా వాడే ఉచిత వ్యవస్థ మూడుల్ 1.2నే సరిగా నడుపుతుంది. అట్లాంటిచోట పరీక్షను పాఠంలో కలపకుండా విడిగా పెట్టాలి. 2013లో వచ్చిన ఎక్స్‌ఏపీఐ లైను లేనప్పుడు చదివినదాన్ని దాచి తర్వాత పంపగలదు. అయితే ఎవరు ఎప్పుడు ఏం చేశారో అడుగడుగునా రాయగలదు కూడా. ఆ రాతలు ఎవరి చేతిలో ఉంటాయో అడక్కుండా ఒప్పుకోకూడదు.

ఇక భాష. 90ల్లో మన చిన్న పత్రికలు చాలావరకు డీటీపీ ఫాంట్లలో అచ్చయ్యాయి. ఆ ఫైళ్ళలో కంప్యూటర్ దాచింది ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల్నే, పైకి మాత్రం తెలుగు బొమ్మ కనిపిస్తుంది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిరాతలు. మాట వెతికితే దొరకదు. చూపులేనివాళ్ళకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అర్థం కాదు. 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు చోటు దొరికింది. అయినా ఇంకా పాత ఫాంట్లలో కొట్టి పీడీఎఫ్ చేసి ఆన్‌లైన్ పాఠం అంటున్నారు. నా దృష్టిలో మొదట పట్టుబట్టాల్సింది స్కార్మ్ కోసం కాదు, యూనికోడ్ కోసం. యూనికోడ్ పాఠాన్ని ఈపబ్‌గా ఇస్తే చవక ఫోనులోనూ అక్షరం పెద్దది చేసుకోవచ్చు, ఒకసారి దించుకుంటే సిగ్నల్ లేకుండా చదువుకోవచ్చు.

తెలుగుకు ఇంకో చిక్కుంది. ఆపినచోటు గుర్తుంచుకునే గడికి 1.2లో 4096 అక్షరాలే హద్దు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు. విద్యార్థి తెలుగులో రాసిన జవాబుల్ని కూడా అందులోనే కుక్కితే తొందరగా నిండిపోతుంది. ఇంగ్లీషు పాఠంతో పరీక్షించి బాగుందన్నోళ్ళకు ఇది కనిపించదు.

చివరిగా పేరు గడి. 1.2లో విద్యార్థి పేరు రాసే పద్ధతి ఇది: ముందు ఇంటిపేరు, తర్వాత కామా, ఆపైన పేరు. పాఠం అడిగితే వ్యవస్థ ఆ పేరును అందించాల్సిందే. అమెరికాలో అదెట్లా ఉన్నా, మన దగ్గర ఇంటిపేరు చెప్పగానే ఏ వాడో ఆరా తీసేవాళ్ళకు కొదవ లేదు. లెక్కలు నేర్పే పాఠానికి అది ఎందుకు? ఆ గడిలో అసలు పేరే ఉందా అని స్కార్మ్ తనిఖీ చేయదు. రోల్ నంబరు పెట్టినా పాఠం నడుస్తుంది.