అంగిలిపై ఎముక బుడిపె: వ్యాధి కాని ఉబ్బు, భయపెట్టే పేరు

పంటినొప్పికో, కట్టుడుపళ్ల కొలతకో దంతవైద్యుని వద్దకు వెళ్లినవారిలో కొందరికి తమ నోటిలో ఎముక ఉబ్బి ఉన్న సంగతి అక్కడే తొలిసారి తెలుస్తుంది. నొప్పి లేనందున ఏళ్ల తరబడి దానిని గమనించి ఉండరు. ‘గడ్డ’ అన్న మాట వినగానే రోగి మనసు క్యాన్సర్ వైపు పోతుంది. తెలుగులో గడ్డ అనే పదం చీముగడ్డకూ, కణితికీ, వాపుకూ సమానంగా చెల్లడమే ఇందుకు కారణం.

వైద్యులు దీనిని టోరస్ అంటారు. లాటిన్‌లో ఆ పదానికి ఉబ్బు అని అర్థం. వాస్తుశిల్పంలో స్తంభం అడుగున గుండ్రంగా పొంగి ఉండే వలయానికీ అదే పేరు. అంటే మూలపదం ఆకారాన్ని మాత్రమే చెబుతుంది, వ్యాధిని సూచించదు. ‘ఎముక బుడిపె’ అనే తెలుగు మాట ఆ అర్థానికి దగ్గరగా ఉంటుందని, రోగితో మాట్లాడేటప్పుడు దానినే వాడడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అంగిలి నడిమి గీతపై ఏర్పడేది టోరస్ పాలటైనస్. ఇది స్త్రీలలో ఎక్కువ. కింది దవడకు నాలుక వైపున, కోరపళ్ల సమీపంలో, తరచుగా రెండు పక్కలా జంటగా ఏర్పడేది టోరస్ మాండిబ్యులారిస్. రెండూ సాధారణంగా యౌవనంలో మొదలై చాలా నెమ్మదిగా పెరుగుతాయి. వంశపారంపర్యం, నమిలేటప్పుడు దవడపై పడే ఒత్తిడి, నిద్రలో పళ్లు నూరడం కారణాలుగా చెబుతారు. ఏ ఒక్కటీ పూర్తి సమాధానం కాదు. ఇవి క్యాన్సర్‌గా మారవు.

అయితే ఉత్తరకోస్తాలో ఈ భరోసాను జాగ్రత్తగా చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో చుట్టను నిప్పు ఉన్న కొస నోటి లోపల ఉంచి కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు, ముఖ్యంగా గ్రామీణ స్త్రీలలో, ఉంది. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. ఇతరచోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్‌కు అక్కడ ఇదే ప్రధాన కారణం. బుడిపె, క్యాన్సర్ రెండూ ఒకే చోట కనిపించవచ్చు కనుక తేడా తెలియాలి. బుడిపె రాయిలా గట్టిగా ఉంటుంది. పైపొర మామూలు రంగులో నునుపుగా ఉంటుంది. ఆ పొర పలుచన కావడం వల్ల వేడి అన్నమో, గట్టి జంతికో తగిలితే పుండు పడవచ్చు. అది కొద్దిరోజుల్లో మానుతుంది. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, రక్తస్రావం, వేగంగా పెరుగుదల ఉంటే ముక్క తీసి పరీక్షించవలసిందే.

బుడిపెకు సాధారణంగా చికిత్స అవసరం లేదు. కట్టుడుపళ్లు సరిగా కూర్చోకపోయినా, పుండ్లు మళ్లీమళ్లీ పడుతున్నా శస్త్రచికిత్సతో తొలగిస్తారు. ఎముకలు గుల్లబారకుండా బిస్ఫాస్ఫొనేట్ మందులు వాడుతున్నవారు ఆ విషయం ముందే చెప్పాలి. వారిలో కోసిన ఎముక మానకుండా, చిగురు కప్పకుండా బయటపడి ఉండిపోయే ప్రమాదం ఉంది.