దసరా సెలవుల్లో ఓడ ప్రయాణమా? టికెట్ కన్నా ముందు నెల చూసుకోండి

తిత్లీ అంటే సీతాకోకచిలుక. గులాబ్ అంటే గులాబీ పువ్వు. హుద్‌హుద్ అంటే తల మీద తురాయి ఉన్న చిన్న పిట్ట. మూడూ మన ఇళ్లల్లో వినే మాటలే. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరినైనా అడిగి చూడండి, ముందు గుర్తొచ్చేది పువ్వూ కాదు, పిట్టా కాదు. తుఫాను.

హుద్‌హుద్ అనే పేరు ఒమన్ ఇచ్చింది. తిత్లీ, గులాబ్ పేర్లు పాకిస్తాన్ ఇచ్చింది. అవి తీరం దాటిన తేదీలు చూడండి. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖపట్నం దగ్గర. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర. గులాబ్ 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నానికి ఉత్తరాన. 2013లో ఫైలిన్ కూడా అక్టోబర్ 12నే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి ఇచ్ఛాపురం వైపు ఊళ్లను కుదిపేసింది. ఆ ఏడాది బక్రీద్‌కి ఇంకా నాలుగు రోజులే ఉంది. హుద్‌హుద్ అయితే బక్రీద్ వెళ్లిన ఆరో రోజున వచ్చింది.

అన్నీ సెప్టెంబర్ చివరి వారం నుంచి అక్టోబర్ మధ్య లోపే. పిల్లలకి దసరా సెలవులు ఇచ్చేది కూడా ఇంచుమించు అప్పుడే. అందుకే ఈ విషయం మాట్లాడుకోవాల్సి వస్తోంది.

విశాఖ నుంచి ఓడలు

క్రూజ్ అంటే ఒకప్పుడు సినిమాల్లో చూసే సంగతి. 2022 జూన్ 8న కార్డీలియా సంస్థ వాళ్ల ఎంప్రెస్ ఓడ విశాఖ రేవుకి వచ్చాక మన వైపు కుటుంబాల్లో కూడా దాని మాట మొదలైంది. విశాఖ, పుదుచ్చేరి, చెన్నై మీదుగా ఆ ప్రయాణం. 2023 సెప్టెంబర్‌లో విశాఖ పోర్టులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఇది కాక విశాఖ నుంచి అండమాన్‌కి ప్రయాణికుల ఓడ ఎప్పటినుంచో ఉంది. అది విలాస ఓడ కాదు, ట్రిప్పులూ తక్కువే, చేరడానికి రెండు రోజుల పైనే పడుతుంది.

ఓడకి ఏమవుతుందో, మనకి ఏమవుతుందో

తుఫాను అనగానే ఓడ మునిగిపోతుందేమో అన్న భయం ముందు వస్తుంది. నిజానికి పెద్ద ఓడకి తుఫాను నుంచి తప్పుకోవడం మనం అనుకున్నంత కష్టం కాదు. బంగాళాఖాతంలో తుఫాను సాధారణంగా గంటకి 10 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. క్రూజ్ ఓడ గంటకి 30 కిలోమీటర్ల పైన వెళ్లగలదు. అల్పపీడనం ఎటు కదులుతోందో కెప్టెన్‌కి రోజుల ముందే తెలుస్తుంది. దారి మార్చేస్తాడు, లేదా బయలుదేరడమే మానేస్తాడు.

దెబ్బ తగిలేది ఓడకి కాదు, మన ప్లానుకి. దిగాల్సిన రేవు మూసేస్తారు. శనివారం ఇంటికి చేరాల్సినవాళ్లు సోమవారం చేరతారు. లేదా చెన్నైలో దింపేస్తే రైళ్లు రద్దయి అక్కడే ఉండిపోతారు. ఇంటి దగ్గర దాదీ, నానా ఒంటరిగా ఉంటారు, పైన రేకులు ఎగిరిపోతుంటాయి.

2016 డిసెంబర్‌లో అండమాన్‌లో జరిగింది ఇదే. వాయుగుండం వల్ల పడవలు ఆగిపోయి హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నేవీ ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. ఆ వాయుగుండమే వర్దా తుఫానుగా మారి డిసెంబర్ 12న చెన్నైని కొట్టింది. అంటే ఒక్క వాతావరణమే ముందు దీవిలో ఆపింది, తర్వాత తిరిగొచ్చే ఊరినీ దెబ్బతీసింది.

ఏ సెలవులు ఎలాంటివి

బంగాళాఖాతంలో తుఫాన్లకి రెండు కాలాలు. ఒకటి ఏప్రిల్ నుంచి జూన్ మొదటి రోజుల దాకా. రెండోది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. గులాబ్‌లా సెప్టెంబర్ చివర్లోనే వచ్చేవీ ఉంటాయి. దీన్ని బడి సెలవులతో పక్కపక్కన పెట్టి చూద్దాం.

దసరా సెలవులు: ఉత్తరాంధ్రకి ఏడాది మొత్తంలో ఎక్కువ ప్రమాదం ఉన్న రోజులు ఇవే. పైన చెప్పిన తేదీలే సాక్ష్యం.

వేసవి సెలవులు: తీరం దాటేది ఎక్కువగా ఒడిశా, బెంగాల్, మయన్మార్ వైపే అయినా సముద్రం మాత్రం అందరిదీ ఒకటే. 2019లో ఫణి, 2020లో ఆంఫన్, 2021లో యాస్, 2022లో అసాని, 2023లో మోఖా, 2024లో రెమాల్. ఆరేళ్లు వరసగా మే నెలలో బంగాళాఖాతంలో తుఫాను తిరిగింది.

జులై, ఆగస్టు: తుఫాన్లు అరుదు. రుతుపవనాల కాలంలో పైన గాలి ఒకలా, కింద గాలి ఒకలా వీస్తుంది కాబట్టి తుఫాను నిలదొక్కుకోలేదు. కానీ వాయుగుండాలు వస్తాయి, అలలు పెద్దగా ఉంటాయి. వాంతులు, తల తిరుగుడు ఉండేవాళ్లకి కష్టం.

సంక్రాంతి సెలవులు: మూడు సెలవుల్లో ఇదే మేలు. జనవరి నుంచి మార్చి దాకా బంగాళాఖాతం ఏడాదిలోకెల్లా నెమ్మదిగా ఉంటుంది.

మన కుటుంబాలకి ఇంకో వీలు కూడా ఉంది. 2027లో రంజాన్ ఈద్ మార్చి రెండో వారానికి, 2028లో ఫిబ్రవరి చివరికి దగ్గరగా వస్తుంది. చాంద్‌ని బట్టి ఒక రోజు అటూ ఇటూ. పిల్లల పరీక్షలు అడ్డం రాకపోతే ఈద్ తర్వాత రెండు మూడు రాత్రుల ప్రయాణానికి అది మంచి సమయం. ఆ రోజుల్లో విశాఖ నుంచి ఓడ లేకపోతే చెన్నై, కొచ్చి, ముంబయి చూడాలి.

దసరాకే వెళ్లక తప్పదంటే

ఒక్కోసారి గల్ఫ్ నుంచి వచ్చిన అబ్బాయికి సెలవు అప్పుడే దొరుకుతుంది. వెళ్లొద్దని కాదు, ఈ ఏర్పాట్లు చేసుకుని వెళ్లండి.

ఒకటి, ముందూ వెనకా ఒక్కో రోజు ఖాళీ ఉంచండి. ఓడ సాయంత్రం కదా అని పలాస నుంచో సోంపేట నుంచో ఆ పొద్దున్నే బయలుదేరొద్దు. తిత్లీ వచ్చినప్పుడు రైళ్లూ హైవే రెండూ దెబ్బతిన్నాయి. ముందు రోజే విశాఖ చేరండి. ఓడ బయలుదేరి మీరు రేవుకి చేరకపోతే సాధారణంగా డబ్బు వెనక్కి రాదు.

రెండు, టికెట్ షరతులు చదవండి. కెప్టెన్ దారి మార్చొచ్చు, ఒక రేవు వదిలేయొచ్చు అని దాదాపు ప్రతి క్రూజ్ సంస్థ షరతుల్లో ఉంటుంది. అలా వదిలేస్తే పోర్టు రుసుము మాత్రమే వెనక్కి రావచ్చు, టికెట్ మొత్తం కాదు. సంస్థే ట్రిప్పు రద్దు చేస్తే డబ్బు ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా అన్నది రాతపూర్వకంగా అడగండి.

మూడు, బీమా తీసుకునేవాళ్లు టికెట్ కొన్న రోజే తీసుకోండి. తుఫానుకి పేరు పెట్టాక కొంటే ఆ తుఫాను నష్టానికి సాధారణంగా పరిహారం రాదు. బీమాకి మనసొప్పని కుటుంబాలు ఇంకొంచెం ఎక్కువ పెట్టి అయినా తేదీ మార్చుకునే వీలున్న టికెట్, రద్దు చేసుకునే వీలున్న హోటల్ గది తీసుకోవడం మంచిది.

నాలుగు, ఇంట్లో ఉండే పెద్దవాళ్ల సంగతి. వాళ్ల మందులు మీ ట్రిప్పు రోజులకి ఇంకో వారం కలిపి కొని పెట్టండి. సముద్రం మధ్యలో మన సిమ్‌కి సిగ్నల్ ఉండదు. కాబట్టి ఓడ సంస్థ ఫోన్ నంబర్ ఇంట్లో రాసి ఇవ్వండి. గాలి మొదలైతే వాళ్లు ఎవరింటికి వెళ్లాలో ముందే మాట్లాడుకోండి. ఇది ఓడ ఎక్కేటప్పుడు చూసుకునే పని కాదు, టికెట్ కొనేటప్పుడే తేల్చుకోవాల్సింది.

వార్తలు ఎలా చదవాలి

వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే రెండు వారాల్లో తుఫాను పుట్టే అవకాశం గురించి అంచనా ఇస్తుంది. బయలుదేరే ముందు వచ్చే రెండు గురువారాలూ అది చూడండి. ఐదు రోజుల ముందు నుంచి తుఫాను ఎటు వెళ్తుందన్న అంచనా వస్తుంది. మూడు రోజుల ముందు హెచ్చరికలు మొదలవుతాయి.

‘ఒకటో నంబర్ ప్రమాద హెచ్చరిక’ అని టీవీలో రాగానే కంగారు పడక్కర్లేదు. ఒకటి, రెండు అంటే తుఫాను ఇంకా దూరంగా ఉందని. మూడు, నాలుగు వస్తే రేవు దగ్గర గాలులు పెరుగుతాయని. ఐదు నుంచి ఏడు అయితే ప్రమాదం, ఎనిమిది నుంచి పది అయితే పెను ప్రమాదం. మూడో నంబర్ ఎగిరిందంటే ఓడ సంస్థకి ఫోన్ చేయండి, పెద్దవాళ్లని ఒంటరిగా వదలొద్దు. రాష్ట్ర విపత్తుల సంస్థ నంబర్లు 112, 1070 ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

విదేశాల్లో అయితే

అమెరికాలో ఉన్న పిల్లలు కరీబియన్ క్రూజ్‌కి రమ్మంటే ఇదే లెక్క. అక్కడ హరికేన్ అంటారు, మనం తుఫాను అంటాం, రెండూ ఒకటే. వాళ్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, సెప్టెంబర్‌లో ఎక్కువ. ఆ రోజుల్లో టికెట్ చౌకగా దొరకడానికి కారణం అదే. దుబాయ్ నుంచి వెళ్లే క్రూజ్‌లు ఎక్కువగా నవంబర్ నుంచి మార్చి దాకా, చల్లటి నెలల్లో. పిల్లలు గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి అది అనువైన దారి.

చౌక టికెట్ కనబడితే ధర కన్నా ముందు తేదీ చూడండి. దసరా తేదీ అయితే ఇంట్లో ఒక్క మాట అడగండి: ఆ వారం గాలి లేస్తే దాదీ దగ్గర ఎవరుంటారు? జవాబు ఉంటే వెళ్లి రండి. లేకపోతే సంక్రాంతి దాకా ఆగండి.