లింకు నొక్కితే ప్రోగ్రాం ఎలా తెరుచుకుంటుంది?

2020లో కరోనా వల్ల వసతి గృహాలు మూతపడి మేమంతా ఇళ్లకు చేరిన రోజులవి. మాలో ఒక అమ్మాయి పక్కింటి అన్న కంప్యూటరులో ఆన్‌లైన్ క్లాసు లింకు నొక్కింది. "ఈ ప్రోగ్రామును తెరవాలా?" అని చిన్న పెట్టె వచ్చింది. వైరస్ ఏమోనని భయపడి "క్యాన్సిల్" నొక్కేసింది. ఆ రోజు లెక్కల క్లాసు పోయింది. ఆ పెట్టె ఎందుకు వస్తుందో అప్పట్లో మాలో ఎవరికీ తెలియదు. తర్వాత తెలుసుకున్నది మన చెల్లెళ్ల కోసం రాస్తున్నాము.

మన హాస్టలుకు అమ్మానాన్నలు వచ్చినా నేరుగా గదిలోకి రాలేరు. గేటు దగ్గర పేరు చెప్పాలి. వాచ్‌మన్ రిజిస్టరు చూసి కబురు పంపాలి. కంప్యూటరులోనూ అంతే. వెబ్ పేజీ ఎక్కడి నుండైనా రావచ్చు. అది తనంతట తాను మన ప్రోగ్రాములను నడపగలిగితే, ఏ పేజీ అయినా మన ఫైళ్లు చెరిపేయగలదు. అందుకే బ్రౌజర్ దానిని గేటు బయటే నిలబెడుతుంది.

మరి లోపలి ప్రోగ్రామును పిలిచేదెలా? లింకులో కోలన్ గుర్తుకు ముందున్న మాటే కబురు. అక్కడ "హెచ్‌టీటీపీఎస్" ఉంటే బ్రౌజరే పేజీ తెరుస్తుంది. "మెయిల్‌టూ" ఉంటే ఉత్తరాలు రాసే ప్రోగ్రాం తెరుచుకుంటుంది. ఈ మాట 1994 నాటి ఇంటర్నెట్ ప్రమాణాలలోనే ఉంది. "టీజీ" అంటే టెలిగ్రామ్, "జూమ్‌ఎంటీజీ" అంటే జూమ్.

ఏ మాటకు ఏ ప్రోగ్రామో విండోస్‌కు ఎలా తెలుస్తుంది? దానికీ ఒక రిజిస్టరు ఉంది, పేరు రిజిస్ట్రీ. ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసినప్పుడే అది తన పిలుపు మాటను, తన ఫైలు ఉన్న చోటును అందులో రాసుకుంటుంది. ఆ వరుస చివర సాధారణంగా "%1" అని ఉంటుంది. మనం నొక్కిన లింకు మొత్తం ఆ స్థానంలోకి వెళుతుంది. ఏ క్లాసులో చేరాలో ప్రోగ్రాముకు తెలిసేది అలాగే. ప్రోగ్రాం ఇన్‌స్టాల్ కాకపోతే రిజిస్టరులో పేరు ఉండదు, లింకు పని చేయదు.

తెరిచే ముందు బ్రౌజర్ మనల్ని అడుగుతుంది. ఆ ప్రశ్న విసుగు కాదు, రక్షణ. 2019లో ఏం జరిగిందో చూడండి. ఒక్క నొక్కు తగ్గించాలని జూమ్ సంస్థ మ్యాక్ కంప్యూటర్లలో ఒక చిన్న వెబ్ సర్వర్‌ను పెట్టింది. దానివల్ల ప్రశ్న లేకుండానే మీటింగు తెరుచుకునేది. ఏ వెబ్ పేజీ అయినా మనిషి అనుమతి లేకుండా మీటింగులో చేర్చి, కెమెరా కూడా ఆన్ చేయించగలదని ఆ జూలైలో ఒక పరిశోధకుడు బయటపెట్టాడు. సంస్థ ఆ సర్వర్‌ను తీసేసింది. ఆపిల్ కూడా అప్‌డేట్ పంపి దానిని తొలగించింది.

కాబట్టి చెల్లెళ్లారా, పెట్టె వస్తే భయపడవద్దు, చదవకుండా "ఓపెన్" నొక్కనూవద్దు. మూడు సంగతులు చూడండి. లింకు మనమే నొక్కామా? పెట్టెలోని ప్రోగ్రాం పేరు మనకు తెలిసినదేనా? లింకు పంపింది మనకు తెలిసిన వారేనా? మూడింటికీ "అవును" అయితే తెరవండి. నెట్ సెంటరులో మాత్రం "ఎప్పుడూ అనుమతించు" అనే గడిలో టిక్కు పెట్టవద్దు. మన తర్వాత ఆ కుర్చీలో కూర్చునే వారికి ఆ ప్రశ్న రాకుండా పోతుంది.