అవగాహం – వ్యాయామం: దీర్ఘకాలిక నొప్పికి నీటి చికిత్స

సంస్కృతంలో ‘అవగాహనం’ అంటే నీటిలో మునగడం. తెలుగులో ‘అవగాహన’ లోతుగా తెలుసుకోవడం. చరకసంహిత పేర్కొన్న పదమూడు స్వేదవిధానాలలో ‘అవగాహం’ ఒకటి. అయితే మునక వేరు, జలవ్యాయామం వేరు.

నొప్పికి భయపడి కదలడం మానినవారి కండరాలు బలహీనపడతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి, నొప్పి మరింత పెరుగుతుంది. ఈ వలయాన్ని ఛేదించడానికి నీరు తోడ్పడుతుంది. నడుము లోతు నీటిలో పాదాలపై సుమారు సగం బరువే పడుతుంది. ఛాతీ లోతులో దాదాపు మూడవ వంతు. అదే నీరు ప్రతి కదలికనూ నిరోధిస్తుంది కనుక కండరాలకు తగిన శ్రమ కలుగుతుంది. గోరువెచ్చదనం బిగువును సడలిస్తుంది. మోకాలు, తుంటి కీళ్ళ అరుగుదలపై 13 ప్రయోగాలను పరిశీలించిన 2016 నాటి కోక్రేన్ సమీక్ష, జలవ్యాయామం వల్ల నొప్పి కొద్దిమేర, స్వల్పకాలం తగ్గవచ్చని తేల్చింది. కాబట్టి క్రమం తప్పని సాధన అవసరం.

శ్రీశైలంలో పాతాళగంగకు చేర్చే మెట్లవరుస, కృష్ణ లోతు ఈ సాధనకు అనువైనవి కావు. అక్కడి స్నానం పుణ్యకార్యం. దానిని చికిత్సగా భావించరాదు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల రోగులకు కావలసినవి ఛాతీ లోతు మించని కొలను, మెట్లకు బదులు వాలుదారి, పట్టుకోవడానికి కమ్మీ, పక్కన ఫిజియోథెరపిస్టు.