వేపచెట్టు మీది డేగ

ఉర్దూ కవిత్వముతో పరిచయమున్న మన విద్యార్థులకు షాహీన్ అనగానే ఇక్బాల్ జ్ఞాపకమునకు వచ్చును. కాని పల్లెలో ఇంటి ముందరి వేపచెట్టుపై వాలునది ఆ షాహీన్ కాదు. షాహీన్ సాళువ జాతిది; కన్నులు నల్లనివి, రెక్కలు పొడవై కొనదేలి ఉండును. ఆకాశము నుండి నిట్టనిలువున దూకి, ఎగిరే పక్షిని కొట్టును. మన చెట్టు మీది డేగకు రెక్కలు పొట్టివి, గుండ్రనివి; తోక పొడవైనది. కొమ్మల నడుమ చటుక్కున మలుపు తిరుగుటకు తగిన అమరిక అది. దీనిని తెలుగులో జాలెడేగ అని, ఉర్దూలో శిక్రా అని అందురు. ఆంగ్లేయులు కూడ ఆ ఉర్దూ పేరునే స్వీకరించిరి. పాతకాలపు వేటగాండ్ర భాషలో శిక్రా ఆడపక్షి, చిప్కా మగపక్షి. డేగలలో ఆడదే పెద్దది.

పరిమాణములో ఇంచుమించు పావురమంత, 30 నుండి 36 సెంటీమీటర్లు. వీపు బూడిద రంగు. రొమ్ముపై సన్నని అడ్డచారలు. గొంతు మధ్య ఒక నిలువు గీత. మగదాని కన్ను ఎరుపు, ఆడదానిది పసుపు. పిల్లడేగ గోధుమ రంగులో ఉండి, రొమ్ముపై అడ్డచారలకు బదులు నిలువు మచ్చలు కలిగియుండును.

డేగను చూడదలచినవారు ముందుగా చెవులకు పని చెప్పవలెను. ఉడుత ఎడతెగక అరచుచున్నను, అంతవరకు సందడి చేసిన పిగిలిపిట్టలు హఠాత్తుగా మౌనము వహించినను, ఆ కొమ్మలను పరిశీలించవలెను. అయితే ఏట్రింత అచ్చముగా డేగవలె కూయగలదు గనుక, కూతను మాత్రమే నమ్మరాదు. మేము పలుమారులు వెదకి చూడగా, కనిపించినది ఆ నల్లని మాయలమారియే!

ఇక ఛాయాచిత్రము. డేగ ఆకులమాటున కదలక కూర్చుండి, అదను చూచి తొండపైననో ఎలుకపైననో పడును. దాని వెంట పరుగిడుట వృథా. అది ప్రతి ఉదయము వాలు కొమ్మను గుర్తించి, సూర్యుడు మన వీపు వైపు ఉండునట్లు చోటు ఎన్నుకొనవలెను. మేము గదిలో దీపమార్పి, కిటికీకి దుప్పటి వ్రేలాడదీసి, దాని సందునుండి చిత్రములు తీయుదుము. 400 మిల్లీమీటర్ల కటకమున్న చాలును. ఎగురుచున్న పక్షికి సెకండులో వెయ్యవ వంతు, అంతకన్న తక్కువ వ్యవధియైనను అవసరమగును. మధ్యాహ్నము ఎండసెగకు గాలి కదలి బొమ్మ మసకబారును. ఆ వేళ కెమెరా మూసి భోజనము చేయుట మేలు.

గూటి విషయము వేరు. వేసవిలో ఇది ఎత్తైన కొమ్మపై పుల్లలతో గూడు కట్టి మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును. పొదుగుటకు దాదాపు మూడు వారములు. మనిషి దగ్గరకు వచ్చినచో తల్లి లేచిపోవును. గ్రుడ్లకు ఎండ తగులును, కాకులకు దారి తెలియును. గత వేసవిలో పట్టణము నుండి వచ్చిన కొందరు ఔత్సాహికులు, గూడు స్పష్టముగ కనబడవలెనని మా ఊరి చింతచెట్టు కొమ్మలు నరికించిరి. మరునాటికి గూటిలో గ్రుడ్లు లేవు. వారి చిత్రములు మాత్రము బాగుగనే వచ్చినవట.

కోడిపిల్లను అప్పుడప్పుడు తన్నుకుపోవుననుట నిజమే గాని, అందుకు రాయి విసరనక్కరలేదు. ఒక గంప బోర్లించిన చాలును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము డేగను పట్టుటయే గాక, దాని గ్రుడ్లను, గూటిని చెదరగొట్టుట కూడ నేరము. సలీం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించిన కాలములో, పక్షిని తుపాకితో కొట్టి చర్మమును భద్రపరచుట శాస్త్రజ్ఞుల పద్ధతి. నేడు ఆ అవసరము కెమెరా వలన చాలవరకు తీరినది. ఆ కెమెరాయే గూటికి చేటు కాకూడదు గదా.

కావున కళాశాల కమిటీవారికి మా మనవి ఒకటి. వార్షికోత్సవపు ఛాయాచిత్రముల పోటీలో గూటి చిత్రములను స్వీకరింపరాదని నియమము చేయవలెను. కొమ్మపై కూర్చున్న డేగ, తొండను చీల్చుచున్న డేగ, ఏట్రింతలు తరుముచుండగా పారిపోవు డేగ: విద్యార్థులకు ఇవి చాలును. వీనికై ఓపిక గలవారు ఎవరైనను సెలవులలో మా ఇంటికి రావచ్చును. కిటికీ, దుప్పటి సిద్ధముగా ఉన్నవి.