పాతదారిమీద క్రొత్తబండి

దాచేపల్లి ప్రక్కనున్న నడికుడి జంక్షనులో రాత్రిబండికై కాచుకొన్న స్త్రీలనడుమ ఒక వాదము తఱచు వినవచ్చుచుండును. పాతపెట్టెలే సుఖమని కొందఱు. అవి ఉయ్యాలవలె ఊగుచు పిల్లలను నిద్రపుచ్చెడివనియు, క్రొత్తపెట్టెలు కదలునప్పుడు వెనుకనుండి ఎవరో త్రోసినట్లుండుననియు వారి మాట. క్రొత్తపెట్టెలలో మోతలేదు, బండి పోవుచున్నట్లే తెలియదు, అవియే మేలని మఱికొందఱు. ఉభయపక్షములవారును తాము కూర్చున్న పెట్టెను గూర్చియే ముచ్చటింతురు గాని, దాని క్రిందనున్న పట్టాలను తలపరు. మేము విచారించి చూడగా రెండుమాటలును నిజమే యనియు, వారు విడిచిపెట్టిన పట్టాలమాటయే ఈ తగవును తీర్చుననియు తోచినది.

పల్నాటికి రైలు మొదట సన్నదారిగా వచ్చినది. గుంటూరునుండి మాచెర్లకు పోవు ఆ దారిలో రెండుపట్టాల నడిమి వెడల్పు సరిగా ఒక మీటరు. తరువాతికాలమున దానిని 1676 మిల్లీమీటర్ల పెద్దదారిగా మార్చిరి. పగిడిపల్లినుండి నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా వచ్చి, విష్ణుపురము గడచి, కృష్ణను దాటి, పొందుగుల మీదుగా నడికుడి చేరు దారి యిచ్చట మాచెర్లదారిని కలసికొనుచున్నది. అందువలన సికింద్రాబాదునుండి గుంటూరునకును తిరుపతికిని పోవు బండ్లెన్నియో దాచేపల్లివారి ముంగిటనే పోవును. అయితే యిది చిరకాలము ఒంటిదారిగా నడచినది. ఎదురుబండి వచ్చుచున్నప్పుడు ఒకబండి స్టేషనులో ప్రక్కదారిని నిలువవలెను. అది పోయినపిదప మరల కదలవలెను. గుంటూరు బీబీనగరముల నడుమ 239 కిలోమీటర్ల మేర రెండవదారి వేయుటకు కేంద్ర మంత్రివర్గము 2023 ఆగస్టులో అనుమతించినది. ఈ నిలుచుట కదలుటల సంగతి మన తగవులో ముఖ్యమైనది. దానిని పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇక చక్రముసంగతి. రైలుచక్రము అంతటను ఒకే లావున ఉండదు. పట్టాకు లోపలివైపున కొంచెము పెద్దదై, వెలుపలికి పోనుపోను చిన్నదగును. వంటయింటిలోని రెండు గ్లాసులను, అడుగు సన్నమై మూతి వెడల్పైనవానిని తీసికొని, మూతికి మూతి చేర్చి అంటించి, సమముగా పెట్టిన రెండు కఱ్ఱలమీద దొరలించి చూడుడు. ఒకప్రక్కకు ఒరిగినచో తానే మరల నడుమకు వచ్చును. ఒంటిగ్లాసును నేలపై దొరలించిన వంకరగా తిరిగిపోవును గదా. ఆ గుణమే రెండువైపుల సరిపడి బండిని దారిలో నిలుపుచున్నది. చక్రమునకు అంచు ఉన్నను, సామాన్యపు మలుపులలో బండిని త్రిప్పునది ఈ వాలుతనమే. కాని యిందొక చిక్కు కలదు. నడుమకు వచ్చినది అచ్చటనే ఆగక ఆవలిప్రక్కకు పోవును. మరల ఈవలికి వచ్చును. వేగము హెచ్చినకొలది ఈ ఊగులాట హెచ్చును. పట్టా అరిగినచోట, కంకర క్రుంగినచోట మఱింత హెచ్చును. పెట్టెలను నిర్మించువారు తరతరములుగా పోరాడుచున్నది దీనితోనే.

పాతపెట్టెలు మదరాసునందలి పెరంబూరు కర్మాగారపువి. ఆ కర్మాగారము 1955లో ఆరంభమైనది. పెట్టెల నమూనా స్విట్జర్లాండునుండి వచ్చినది. 2018 జనవరి వఱకు అచ్చట ఆ తరహాపెట్టెలు తయారైనవి. వీనిలో పెట్టెబరువును మోయు స్ప్రింగులు ఇనుపకడ్డీల ఆధారమున వ్రేలాడుచుండును. కాబట్టి మనవారు ఉయ్యాల యనుట ఉపమానము కాదు, ఉన్నమాటయే. పట్టా ఒకప్రక్కకు త్రోసినప్పుడు పెట్టె ఊగి ఆ త్రోపును మ్రింగును. నెమ్మదిగా పోవు బండిలో ఇది హాయియే; వేగముగా పోవునప్పుడు పైబెర్తుమీద పండుకొన్నవారి నడుగవలెను! బ్రేకువేయగా దిమ్మలు చక్రమునే ఒఱయును గనుక ఆ కీచుమోతయు తప్పదు.

క్రొత్తపెట్టెల నమూనా జర్మనీదేశపు లింకే హాఫ్‌మన్ బుష్ సంస్థది. మొదటివి 2000 సంవత్సరమున మనదేశమునకు వచ్చినవి. పిదప కపుర్తలాలో నిర్మింపసాగిరి. వీనిలో స్ప్రింగులకు తోడు నూనెతో నిండిన గొట్టములు కలవు. బ్యాంకులలో తలుపు దభాలున మూసికొనకుండ పైన ఒక పరికరమును తగిలింతురు, చూచియుందురు. ఈ గొట్టములు చేయుపనియు అదియే. అవి ఊపును పుట్టినచోటనే అణచివేయును; చక్రముల ఊగులాటను పెట్టెవఱకు రానీయవు. బ్రేకులు చక్రమును గాక, ఇరుసునకు అమర్చిన పళ్లెములను పట్టుకొనును. అందుచే అదే పాతదారిమీద, అదే పాత గతుకుమీద, క్రొత్తపెట్టె నిబ్బరముగా పోవును. పెట్టెయు పొడుగే: పాతదానిలో శయనబెర్తులు 72 కాగా క్రొత్తదానిలో 80.

మఱి ఆ కుదుపు ఎక్కడిది? అది పెట్టెకును పెట్టెకును నడుమనున్న లంకెది. పాతపెట్టెలను మరగొలుసుతో బిగించి, ఇరుప్రక్కల బఫర్లు ఒకదానినొకటి అదుముకొనునట్లు చేసెడివారు. సందు చాల తక్కువ. క్రొత్తవానికి నడుమనొకే లంకె, రెండుచేతులు పట్టుకొన్నట్లు. ఆ పట్టులో కొంచెము ఖాళీయుండును. ఇంజను కదలగానే ఆ ఖాళీ ఒక్కొక్కచోట తీరుచు, తోకవఱకు పాఱును. ఆగునప్పుడు తిరిగి మూసికొనును. బండి సాగిపోవుచున్నంతసేపు దీని జాడ తెలియదు. ఒంటిదారిపై మాటిమాటికి నిలిచి కదలు బండిలో మాటిమాటికి తెలియును. పట్నమునుండి పట్నమునకు ఆగకపోవు బండియందు ఒకటి రెండుసార్లు కలుగు బాధ, ఎదురుబండికై ఆగుచువచ్చు మన బండియందు రాత్రియంతయు కలుగుట ఇందువలననే. పెట్టె క్రొత్తదైనను దారి పాతదగుటచే పుట్టిన కష్టమిది. రైల్వేవారు ఈ లంకెలలోని అదురుపెట్టెలను మేలురకపువానిగా మార్చుచు వచ్చిరి. మార్చినబండికి మార్చనిబండికి భేదము ఎక్కినవారికి చెప్పనక్కఱలేదు.

ఐనను ఆ లంకెను మేము పూర్తిగా నిందింపజాలము. బండి పట్టాతప్పిన వేళ, ఒకదానితో నొకటి ఢీకొన్న వేళ, పాతపెట్టెలు ఒకదానిపైకొకటి ఎక్కుట కలదు. ప్రాణనష్టము అందువలననే మిక్కుటమగును. నడిమిలంకె పెట్టెలను విడిపోనీయక, ఎక్కనీయక పట్టియుంచునట్లు నిర్మింపబడినది. పిల్లవాడు నిద్రలేచి యేడ్చుట యొక తూకము, ఇది యొక తూకము. ఉయ్యాలసుఖమును తలచి నిట్టూర్చుటలో తప్పులేదు గాని, కడుపుతోనున్న కూతును వెంటబెట్టుకొని పోవు తల్లి యేపెట్టె ఎక్కవలెనని మమ్మడిగినచో క్రొత్తదే యందుము.

పాతదారిపై క్రొత్తబండిని నడపి చూచుట వినోదశాలలలోను కలదు. ఎత్తుపల్లములుగా కట్టిన దారిమీద చిన్నబండిలో కూర్చుండి, కేకలువేయుచు జాఱు రోలర్ కోస్టరు అందఱు ఎఱిగినదే. హైదరాబాదు చెంత రావిర్యాలలో 2016లో తెరచిన వండర్‌లాలోను ఒకటి యున్నది. రూకలిచ్చి కుదుపును కొనుట మాకు వింతగనే తోచును! దాని బండికి పైనను ప్రక్కనను మాత్రమే గాక పట్టాక్రిందను చక్రములుండును. ఈ యేర్పాటును అమెరికాదేశపు జాన్ మిల్లర్ 1919లో పేటెంటు చేసికొనెను. మన రైలునకు ఆ క్రిందిచక్రములు లేవు; దాని బరువే దానిని నిలుపును. కాలిఫోర్నియాలోని నాట్స్ బెరీ ఫారమునందు 1998లో కొయ్యతో కట్టిన ఘోస్ట్ రైడర్ అను దారి కాలక్రమమున మిక్కిలి గరుకైనది. 2016లో దానికి క్రొత్తబండ్లు తెచ్చిరి. పాతపెట్టెలకంటె ఇవి కుఱుచవి. పెట్టెకు ఇద్దఱే, ఒకే వరుస. పొడుగుపెట్టె ఇరుకుమలుపులో చక్రములను పట్టాకు అడ్డముగా ఈడ్చును. కుఱుచపెట్టెలు జెఱ్ఱివలె కణుపుకణుపున తిరుగును. ఎక్కినవారు బాధతగ్గినదనిరి. కాని ఆ యేటనే దారిని గూడ చాలమేర క్రొత్తకొయ్యతో సవరించియుండిరి. మెప్పులో బండిపాలెంత, దారిపాలెంత?

అటువంటి ప్రశ్నయే నడికుడిలోను పుట్టినది. 2023 ఏప్రిలు 8వ తేదీన సికింద్రాబాదు తిరుపతుల నడుమ వందేభారత్ బండి ఆరంభమై ఈ దారిని పోయినది. అప్పుడు దానికి నల్లగొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరులలో మాత్రమే నిలుపు. దాచేపల్లివారికి చూచుటయే భాగ్యము. దానికి వేఱుగా ఇంజను లేదు. సగము పెట్టెల క్రింద మోటారులుండి అన్నియు ఒక్కమాఱు కదలును గనుక, మనము చెప్పుకొన్న కుదుపు దానికి లేదు. స్ప్రింగులపై గాలితిత్తులును కలవు. గంటకు 160 కిలోమీటర్లు పోగల ఆ బండి, ఆరంభములో 661 కిలోమీటర్లను 8 గంటల 30 నిమిషములలో పోయెను. సగటున గంటకు 78. బండికి శక్తి లేకకాదు, దారి ఒప్పుకొన్నంతవఱకే పోవలెను గనుక. ఎండలో వానలో కంకరను సరిచేయుచు, పట్టాపొడవున నడచి చూచు కూలిజనమును కిటికీలోనుండి చూచుచుందుము. వారిలో స్త్రీలును కలరు. మన నిద్రలో ఏ జర్మనీవారి గొట్టమునకును తీసిపోని భాగము వారిది.

ప్రయాణమైపోవు సోదరీమణులకు రెండుమాటలు. పెట్టెకు రెండుకొనలను చక్రములుండును గనుక అదురు అచ్చట హెచ్చు. బెర్తు ఎన్నుకొన వీలున్నచో పెట్టెనడుమ నడుగుడు. బండి స్టేషనులో ఆగియున్నప్పుడు ఫ్లాస్కులోని పాలు గ్లాసులో పోయుట సుళువని తోచును. క్రొత్తపెట్టెలో అది పొరపాటు. బండి కదలి, లంకెలన్నియు బిగిసి, వేగము కుదిరినపిదప పోయుడు. అంతవఱకు చంటిపిల్లనెత్తుకొని నడవలో నిలువవలదు.